నేను గూడా నేనే

ప్రొద్దుటూరులో మా మిద్దెమీద సాయంత్రం పూట హిందీ చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏళ్ల సంగతి. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకు కట్టిన పిల్లలంతా, ప్రాథమిక్ వాళ్లు మొదలుకొని ప్రవేశిక వాళ్ల దాకా, ఒకే చాపమీద కూర్చునేవాళ్లు. ఒకరోజు దీపావళి మీద వ్యాసం రాసుకు రమ్మన్నాను. మరునాడు చూస్తే ఒకే వీధి నుంచి వచ్చే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నోటుబుక్కుల్లో వాక్యానికి వాక్యం ఒక్కటే. పిల్లలకు మాట్లాడడం అలవాటు కావాలని నేను ఏదైనా హిందీలోనే అడిగేవాణ్ని. రెండు పుస్తకాలూ పైకెత్తి "కిస్‌నే లిఖా?" అన్నాను. అబ్బాయి లేచి, గట్టిగా, "మైనే హీ లిఖా సార్" అన్నాడు.

రాసింది నేనే, వేరెవరూ కాదు అని ఆ మాటకు అర్థం. అయితే ఆ అమ్మాయి చూసి రాసిందన్నమాట. ఆ పాపను నిలబెట్టి నాలుగు మాటలు అన్నాను. తలొంచుకొని విన్నది. నేను ఆపిన తర్వాత, కళ్లు తుడుచుకుంటూ తెలుగులో ఒక్కమాట చెప్పింది: "నేను గూడా నేనే రాసినా సార్."

ఆ అబ్బాయి చెప్పదలచుకున్నదీ అదే. ఎవరి సాయమూ లేకుండా నా అంతట నేనే రాసుకున్నాను అని వాడి భావం. దానికి హిందీలో "మైనే ఖుద్ లిఖా" అనాలి. వాడు మనసులో తెలుగు "నేనే" పెట్టుకొని, దానికి దగ్గరగా కనబడిన "హీ"ని తెచ్చి అతికించాడు. ఇద్దరూ ఒకే గైడులోని వ్యాసాన్ని కంఠస్థం చేసి, ఎవరింట్లో వాళ్లు కూర్చొని రాసుకొచ్చారు. తప్పు చదివింది నేను. ఆ పాపకు ఆ రోజే, అందరి ముందే, క్షమించమ్మా అని చెప్పాను. కానీ ఆమె అన్న వాక్యం నన్ను ఇరవై ఏళ్లకు పైగా వదల్లేదు.

"నేను గూడా నేనే రాసినా." ఇందులో నేను రెండుసార్లు ఉంది. మొదటి "నేను" మనిషిని చూపుతుంది: వాడే కాదు, నేను కూడా. రెండో "నేనే" పని ఎట్లా జరిగిందో చెబుతుంది: వేరే చెయ్యి పడకుండా. ఒకే సర్వనామాన్ని మళ్లీ పిలిచి, దాని చివర ఒక ఏకారం తగిలిస్తే చాలు, తెలుగులో పని అయిపోతుంది. దీన్ని ఉన్నదున్నట్టు హిందీలోకి దించితే "మైనే భీ మైనే హీ" అవుతుంది. ఆ మాట హిందీ మనిషి చెవికి ఎక్కదు. "మైనే భీ ఖుద్ లిఖా హై" అనాల్సిందే.

తెలుగు ఏకారం చాలా పనులు మీదేసుకున్న అక్షరం. "నేనే పోతా" అన్నప్పుడు, ఇంకెవరినీ పంపను అనే అర్థం ఉంది. మనిషిని పెట్టకుండా స్వయంగా పోతాను అనే అర్థమూ ఉంది. ఏ అర్థం అన్నది గొంతు చెబుతుంది, సందర్భం చెబుతుంది. మనకు ఇబ్బంది లేదు కనుక ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. హిందీ మాత్రం ఈ రెంటినీ వేరువేరు గదుల్లో పెట్టింది. మిగతావాళ్లను పక్కకు తప్పించడానికి "హీ". మనిషి తన చేత్తో, తన పూనికతో చేశాడనడానికి "ఖుద్", "స్వయం", "ఆప్". కాబట్టి తెలుగు పిల్లవాడు హిందీలో ఒక్క వాక్యం చెప్పే ముందు, ఇంతకాలం తనను ఎవరూ అడగని ప్రశ్న తనకు తాను వేసుకోవాలి: నేను వేరేవాళ్లను కాదంటున్నానా, నా చేతిని చూపిస్తున్నానా?

హిందీకి పెద్ద వ్యాకరణం రాసిన కామతాప్రసాద్ గురు సర్వనామాలను ఆరు తరగతులు చేసి, అందులో ఒకదానికి నిజవాచకం అని పేరు పెట్టారు. కాశీ నాగరీ ప్రచారిణీ సభ వాళ్లు 1920లో వేసిన పుస్తకం అది. నిజం అంటే అక్కడ సత్యం కాదు, తనది అని. మా పిల్లలు ప్రతి ఏడూ ఇక్కడ తడబడతారు. నిజవాచకం అంటే నిజం చెప్పేదా సార్ అని అడుగుతారు. సంస్కృతంలో నిజ శబ్దానికి తనదైన అనే అర్థం ఉందని, మనమూ "నిజరూపం" అన్నప్పుడు ఆ అర్థాన్నే వాడుతున్నామని చెబితే ముఖాలు వెలుగుతాయి. నామవాచకాన్నో సర్వనామాన్నో నొక్కి చెప్పడాన్ని అక్కడా అవధారణ అనే అంటారు, మన ఏకారానికి మన పండితులు పెట్టిన పేరూ అవధారణార్థకమే. పేరు ఒకటే, నడక వేరు.

ఆ నిజవాచకాల్లో అసలైన మాట "ఆప్". సంస్కృతంలోని ఆత్మ ప్రాకృతంలో అప్పా అయి, అక్కణ్నుంచి ఆప్ అయింది. "స్వయం" సంస్కృతం నుంచి తిన్నగా వచ్చింది, "ఖుద్" పారసీ నుంచి వచ్చింది. మొగలుల నాటి భూమి లెక్కల్లో ఖుద్‌కాస్త్ అంటే తన భూమిని తాను సేద్యం చేసుకునే రైతు. ఈ మాట చెప్పాక రైతుల పిల్లలు ఖుద్‌ను మరిచిపోరు.

చిక్కు ఆప్‌తోనే. ఎందుకంటే "మీరు" అనడానికీ అదే మాట. "మై ఆప్ హీ జావూంగా" అని బోర్డు మీద రాస్తే, సగం తరగతి "నేనూ మీరూ పోతాం" అని అర్థం రాస్తుంది. "ఆప్ భలా తో జగ్ భలా" అనే సామెతను "మీరు మంచివారైతే" అని రాస్తారు. అక్కడ ఆప్ అంటే తాను. తాను మంచివాడైతే లోకం మంచిదే అని ఆ సామెత భావం. అప్పుడు నేను మన సామెత ఒకటి చెబుతాను: తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎవరీ తాను? ఫలానా మనిషి కాదు, ఎవరైనా సరే. హిందీ సామెతలోని ఆప్ సరిగ్గా ఈ తానే.

మరి తాను అనే మాట మీరు ఎట్లా అయింది అని అడుగుతారు. దానికీ జవాబు మన ఇంట్లోనే ఉంది. పెద్దమనిషి వస్తే "తమరు దయచేయండి" అంటాం. తమరు ఎక్కడిది? తాను బహువచనంలో తాము, ఆ తాములోంచి తమరు. ఎదుటివాణ్ని నువ్వు అని వేలు చూపకుండా, తమంతట తాముగా ఉన్న మనిషిగా పలకడం. ఉత్తరాన ఆత్మలోంచి ఆప్ వచ్చింది, ఇక్కడ తాములోంచి తమరు వచ్చింది. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసి నేర్చుకున్నాయని నేను అనను. రెండూ మర్యాదకు అదే దారి వెతుక్కున్నాయి. ఈ సంగతి నాకు తట్టిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. మా ఇంట్లోవాళ్లను లేపి చెప్పాను.

ప్రొద్దుటూరులో హిందీ చెప్పేవాడికి ఇంకో భాగ్యం ఉంది. ఇక్కడ బజారులో, బంగారు అంగళ్ల దగ్గర, మసీదు వీధుల్లో దక్కనీ ఉర్దూ వినబడుతూనే ఉంటుంది. అందులో నేనే అనడానికి "మైచ్" అంటారు. ఆ చివరి చకారం మరాఠీలోనూ ఉంది, అది చేసే పని మన ఏకారం చేసేదే. తలుపు దానంతట అదే తెరుచుకుంటే "ఆపీచ్ ఖుల్ గయా" అంటారు. మనం పోదాం అనడానికి "అపన్" వాడతారు. ఎదుటివాణ్ని కలుపుకొనే మన "మనం" హిందీలో లేదు, "హమ్" ఒక్కటే ఉంది. ఆ లోటును దక్కనీ, ఆత్మలోంచే పుట్టిన అపన్‌తో పూడ్చుకుంది. ఆ ఇళ్లనుంచి వచ్చే పిల్లలు పరీక్షలో "మైచ్ లిఖా" అని రాస్తే ఎర్రగీత పడుతుంది. పరీక్షకు గీత తప్పదు, నేనూ గీస్తాను. కానీ గీసిన చోటే పక్కన రాస్తాను: ఇది మీ ఇంటి మాట, మంచి మాట, పరీక్ష కాగితం మీద మాత్రం మైనే హీ. ఒక పిల్లవాడి తల్లి మాట్లాడే భాషను తప్పు అని ఎర్రసిరాతో వాడికి చెప్పే హక్కు ఏ పంతులుకూ లేదని నా గట్టి నమ్మకం.

పులివెందుల దగ్గర మా బావకు అరటితోట ఉంది. ఆ పక్క అరటి, చీనీ కాయలు లారీలకెక్కి ఉత్తరాదికి పోతాయి. మా బావ బడిలో హిందీ పెద్దగా చదవలేదు, లారీవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకున్నాడు. ధైర్యంగా మాట్లాడతాడు. ఒకసారి తోటలో ఉండగా వ్యాపారికి ఫోన్ చేసి "ఆప్ ఆప్‌కా లారీ భేజో, మై మేరా కూలీ రఖ్తా" అంటున్నాడు. మీరు మీ లారీ పంపండి, నేను నా కూలీలను పెట్టుకుంటా అని. తెలుగులో అచ్చంగా సరైన మాట. హిందీలో మాత్రం కర్తదే అయిన వస్తువు ఎవరిదైనా అప్నా అనాలి: ఆప్ అప్నీ లారీ భేజియే, మై అప్నే మజ్దూర్ రఖూంగా. ఫోన్ పెట్టేశాక చెప్పాను. "వానికి అర్థమైంది గదప్పా, లారీ వస్తాది" అన్నాడు. లారీ వచ్చింది కూడా. అతని దగ్గర వ్యాకరణం నెగ్గలేదు, నెగ్గాల్సిన అవసరమూ లేదు.

పిల్లలకు మాత్రం చెప్పాలి. అప్నా చెప్పడానికి నాకు కుదిరిన పద్ధతి ఒకటుంది, తోటి పంతుళ్లకు ఉపయోగపడుతుందేమో. చాలా పుస్తకాలు "మై అప్నా కామ్ కర్తా హూ"తో మొదలుపెడతాయి. మన పిల్లవాడికి అక్కడే అడ్డం తగులుతుంది. నేను నా పని చేస్తాను అనే వాడికి అప్నా ఎందుకో బోధపడదు. అందుకని నేను మూడో మనిషితో మొదలుపెడతాను. "రాజు తన సైకిల్ తీసుకున్నాడు", "రాజు వాని సైకిల్ తీసుకున్నాడు". ఈ రెంటికీ తేడా ఏమని అడిగితే వెనకబెంచీ పిల్లలు కూడా టక్కున చెబుతారు: రెండోదాంట్లో సైకిల్ వేరేవానిది సార్. అంతే, ఆ తన స్థానంలో అప్నీ పెట్టు, వాని స్థానంలో ఉస్‌కీ పెట్టు. అది కుదిరిన తర్వాత, హిందీవాళ్లు ఈ తనను నేనుకూ నువ్వుకూ కూడా వాడతారు అని చెబితే పాఠం అక్కడికి పూర్తవుతుంది. పిల్లవాడి దగ్గర ఉన్న తెలుగును ముందు పలకరించాలి, తర్వాతే హిందీ.

మరో సంగతి. మన భాషలో తనతనం సర్వనామంలోనే ఆగదు, క్రియలోకీ దిగుతుంది. "తనను తాను చూసుకున్నాడు" అనేదాంట్లో ఎన్నిచోట్ల తాను ఉందో చూడండి: తనను ఒకటి, తాను రెండు, చూసుకున్నాడులోని కొను మూడు. హిందీకి "ఉస్‌నే అప్నే ఆప్ కో దేఖా" చాలు. అట్లాగే నా అంతట నేను, నీ అంతట నువ్వు, దానంతట అది అని మనం మనిషిని బట్టి మారుస్తాం. హిందీలో అందరికీ అప్నే ఆప్ ఒక్కటే. ఇది చెప్పినప్పుడు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. హిందీ ఏదైనా ఒకచోట మనకు పని తగ్గించిందంటే అది ఇక్కడే.

గాంధీగారు 1918లో మద్రాసులో ఈ హిందీ ప్రచారాన్ని మొదలుపెట్టి, తొలి పంతులుగా కొడుకు దేవదాసును పంపారు. మన మోటూరి సత్యనారాయణ లాంటివారు బతుకంతా దానికిచ్చారు. ఆ సభను 1964లో పార్లమెంటు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. అంతటి ప్రయాణం చేసిన భాష మా జిల్లా బడుల్లో ఇప్పుడు ఇరవై మార్కుల భాష. పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకు 35 కావాలి, హిందీకి 20 వస్తే గట్టెక్కినట్టే అని పిల్లలకు ఆరో తరగతిలోనే తెలిసిపోతుంది. ఇరవైకి సర్వనామాలు అక్కర్లేదు, రెండు వ్యాసాలు, ఒక లేఖ బట్టీ పడితే చాలు. నాకు బాధ కలిగేది మార్కుల గురించి కాదు. ఖుద్‌కూ హీకీ తేడా వెతికే పిల్లవాడు ఆ వెతుకులాటలో తన తెలుగును మొదటిసారి బయటినుంచి చూస్తాడు. ఆ చూపు మా పిల్లలకు దక్కకుండా పోతున్నది.

పోయిన నెల జమ్మలమడుగు నుంచి ఒక పాత శిష్యుడు ఫోన్ చేశాడు. గండికోటకు వచ్చే ఉత్తరాది యాత్రికులకు కోట చూపిస్తుంటాడు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున నిలబడి అడుగుతున్నాడు, గాలి హోరు ఫోన్లో వినబడుతున్నది. "సార్, ఈ గండిని ఎవురూ తవ్వలేదు, ఏరు తనంతట తానే కోసుకునింది అని చెప్పాల. ఖుద్ అనాల్నా, అప్నే ఆప్ అనాల్నా?"

ఏరును కర్తగా పెడితే "నదీ నే ఖుద్ కాటీ" అను, లోయను కర్తగా పెడితే "ఘాటీ అప్నే ఆప్ బన్ గయీ" అను అని చెప్పాను. కోసింది అంటే ఒక పూనిక, ఏర్పడింది అంటే దానంతట అది జరిగిపోవడం.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కోసుకునింది అంటే రెండూ వస్తాయి గద సార్ మనకు" అన్నాడు.

వస్తాయి. కొను అనే ఆ చిన్న ధాతువులో ఏటి పూనికా ఉంది, దానంతట అది జరిగిపోవడమూ ఉంది. దానికి హిందీలో ఒక్క మాట నాకింకా దొరకలేదు. వచ్చే ఆదివారం నేనే వస్తానని వానికి చెప్పాను. ప్రొద్దుటూరు నుంచి పొద్దున బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే కోట చేరుకోవచ్చు.