చెయ్యెత్తే సభ, కారణం రాసే కోర్టు

మా కామారెడ్డికి ఎన్నికల రుచి గట్టిగానే తెలుసు. 2023లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, కొద్దిరోజులకే ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి ఇద్దరూ ఇక్కడే ఓడిపోయారు. ఆ ముచ్చట ఇంకా చాయ్ హోటళ్లలో నడుస్తూనే ఉంది. నల్లకోటు తొడుక్కొని కామారెడ్డి, ఎల్లారెడ్డి కోర్టుల మధ్య తిరిగే నన్ను మాత్రం ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఓట్లడిగిన మనిషికి జడ్జి కుర్చీ అప్పగించవచ్చా?

అప్పగించవచ్చనే అంటాను. గోపాలరావు ఎక్బోటే 1952లో హైదరాబాద్ శాసనసభకు గెలిచి, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో విద్యాశాఖ చూశారు. 1962లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యారు. 1972 నుంచి 1974 దాకా ప్రధాన న్యాయమూర్తి. ఒకప్పుడు సర్కారు ఫైళ్ల మీద సంతకం చేసినాయనే, తర్వాత సర్కారు సంతకాలు చట్టానికి నిలుస్తాయా లేదా అని తేల్చే చోట కూర్చున్నారు.

రెండు పనులకూ తేడా ఉంది. క్యాంపు ఆఫీసుకు గెట్టు పంచాయితీతో ఒకరొస్తే, ఎమ్మెల్యే విని తహసీల్దారుకు ఫోన్ చేస్తాడు. గెట్టు అవతలివాడు ఆ గదిలో ఉండడు. కోర్టులో అలా కుదరదు, అతనికి సమన్లు పోవాలి, అతని మాటా వినాలి. సభలో చెయ్యెత్తితే ఓటు పడిపోతుంది, ఎందుకెత్తావని ఎవరూ అడగరు. జడ్జి మాత్రం ఓడినవాడికి ఎందుకు ఓడాడో రాసివ్వాలి. పై కోర్టు పట్టి చూసేది ఆ రాతనే. తీర్పు నకలు చేతికి రాగానే నా వాదనకు జవాబు ఏ పేజీలో ఉందా అని వెతుకుతాను. క్లయింటుకు అదేం పట్టదు. “గెలిచినమా సార్?” అంతే.

అయితే సభలోనూ జడ్జిలా నడుచుకోవాల్సిన కుర్చీ ఒకటుంది. ఎల్లారెడ్డి నుంచి గెలిచిన టి.ఎన్. సదాలక్ష్మి శాసనసభ ఉపసభాపతిగానూ చేశారు. సొంత పార్టీవాడినైనా “ఇక కూర్చోండి” అనాల్సిన స్థానం అది, సగం జడ్జి పనే.

సభ అనుభవం కోర్టుకు బరువు కాదు. కేరళలో 1957 నాటి కమ్యూనిస్టు ప్రభుత్వంలో మంత్రిగా చేసిన వి.ఆర్. కృష్ణయ్యర్ 1973లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక కొట్టేసినప్పుడు, 1975 జూన్ 24న ఆయనిచ్చిన స్టే షరతులతో కూడినది: సభకు రావచ్చు, ఓటు వేయరాదు. ఎమర్జెన్సీ ఆ మరుసటి రోజే వచ్చింది.

నాకు భయమల్లా ఎదురు దారి గురించే. 2024 మార్చిలో కలకత్తా హైకోర్టు జడ్జి అభిజిత్ గంగోపాధ్యాయ రాజీనామా చేసి, రెండు రోజుల్లో బీజేపీలో చేరి, అదే ఏడాది లోక్‌సభకు వెళ్లారు. ఎక్బోటే నడిచిన దారిలో మంత్రి పదవికీ జడ్జి కుర్చీకీ మధ్య ఏళ్లు గడిచాయి. రాజ్యాంగం 220వ అధికరణం ప్రకారం హైకోర్టు శాశ్వత జడ్జి దిగిపోయాక అదే హైకోర్టులో వాదించకూడదు. పార్టీ టికెట్ తీసుకోవడానికి మాత్రం ఒక్కరోజు ఆగనక్కర్లేదు.