గీతలు మార్చిన ఆకాశం

పిల్లలకు నక్షత్రాలు చూపే పుస్తకాలలో హెచ్. ఎ. రే 1954లో వెలువరించిన ‘ఫైండ్ ది కాన్‌స్టలేషన్స్’ ప్రత్యేకించి చెప్పదగినది. ‘క్యూరియస్ జార్జి’ అనే కోతి కథలతో ప్రసిద్ధి కెక్కిన రచయిత ఈయనే.

పాత పటాలలో రాశుల పేర్లకు, గీతలకు పొత్తు కుదరదు. రే గారు మిథునంలోని చుక్కలనే వేరు విధంగా కలిపి, చేయి చేయి పట్టుకొన్న కవలలను నిలబెట్టినారు. సప్తర్షుల విషయంలో మరింత సాహసించినారు. ఆ ఏడు చుక్కలు గరిటెవలె ఉండును గదా! పాశ్చాత్యుల పెద్ద ఎలుగు బొమ్మలో గరిటె కాడ పొడుగాటి తోక. ఎలుగుకు అంత తోక ఎక్కడిది? రే గారు ఆ కాడను మెడగా, తలగా మలచి, చివరనున్న మరీచిని ముక్కు కొన చేసినారు. పిల్లవాడు నవ్వును, నవ్వించిన బొమ్మను మరువడు. అయితే గీతలు కాగితం మీదివే కాని ఆకాశంలోనివి కావని ఉపాధ్యాయుడు చెప్పక తప్పదు. కృత్తికలను మనవారు పిల్లలకోడి అనలేదా!

అసలు చిక్కు వేరు. ఈ పుస్తకం అమెరికా పిల్లలకై వ్రాసినది. ధ్రువనక్షత్రం న్యూయార్కులో సుమారు 41 డిగ్రీల ఎత్తున ఉండగా, హైదరాబాదులో 17 డిగ్రీలే. అక్కడ దాదాపు అస్తమించని సప్తర్షులు ఇక్కడ క్షితిజం క్రిందికి దిగుదురు. అక్కడ ఎన్నడూ కానరాని అగస్త్యుడు ఇక్కడ శీతకాలపు రాత్రులలో దక్షిణాన వెలుగును. పటాన్ని ఉన్నదున్నట్లు అప్పగించినచో, చెప్పినచోట చుక్క కనిపించక పిల్లవాడు తన కన్నులనే శంకించును. బొమ్మలు రే గారివి తీసికొని, ఎత్తులు మాత్రం పిల్లలచేతనే కొలిపించవలెను. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. హైదరాబాదులో ధ్రువనక్షత్రం రెండు పిడికిళ్ళకు లోపే.