దూది లేని భుజములు

అమెరికాలోని ప్రాచీన విద్యాపీఠములైన హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్ మొదలగు వాని ఆవరణలలో గత శతాబ్దపు పూర్వార్ధమున రూపుగట్టి, ‘ఐవీ’ యను పేర లోకమంతట వ్యాపించిన పురుషవేషమును గూర్చి ఈ వారము ముచ్చటింపవలెనని యున్నది. కోటు తొడుగువారే కరవగుచున్న ఈ దినములలో, అందును ఎండలు మండిపోవు మన సీమలో, ఆ ప్రస్తావన యేల యని పాఠకులు అడుగవచ్చును. వేషము వేసికొన్నట్లు కనబడకుండ వేసికొను ఆ నేర్పునకు నేను చాల కాలముగా వశుడనై యున్నాను. అంతకు మించి సమాధానము నా యొద్ద లేదు.

ముందుగా కోటును చూడుడు. న్యూయార్కులో 1818లో వెలసిన బ్రూక్స్ బ్రదర్స్ దుకాణమువారు ఇరువదవ శతాబ్ది ఆరంభమున ప్రచారమునకు తెచ్చిన ‘శాక్’ కోటు, ఛాతిని ఉబ్బించి, నడుమును నొక్కి, భుజములకు దూది దట్టించి కుట్టిన కోటువలె తొడిగినవానిని వీరునిగా మార్పజూడదు. ముందుభాగమున డార్టులు లేక నిటారుగా జారును, భుజముల వద్ద మనిషి భుజములు ఎట్లున్నవో అట్లే వ్రాలును. బొత్తాములు మూడుండును గాని పైదానిని పెట్టుకొనరాదు. కోటు మడత ఆ పై కాజా మీదుగా మెత్తగా దొరలి వచ్చి నడిమి బొత్తాము కడ ఆగును, అందుచే ఆ పై కాజా తిరుగబడి తన వెనుకవైపు కుట్టును లోకమునకు చూపుచు, ఏ పనియు లేక మడత అంచున నిలిచియుండును. నిరుపయోగమైన ఆ కాజాయే ఈ కోటునకు ఆనవాలు.

చొక్కా కాలరు కథ ఇంతకన్న రుచికరము. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండులో పోలో ఆట చూడబోయిన జాన్ బ్రూక్స్, ఆటగాండ్ర కాలరు కొసలు గాలికి లేచి మొగమునకు కొట్టకుండ బొత్తాములతో బిగించియుండుట చూచి, ఆ పద్ధతిని తమ దుకాణమునకు తెచ్చెనని చెప్పుదురు. ఐనను బొత్తాములు కుట్టినంతమాత్రమున ఆ కాలరు రాదు. కొసలు మూడంగుళములకు మించియుండవలెను. లోపల గట్టి పొర ఉండరాదు. బొత్తామును కాలరు కొస సహజముగా అందుచోట గాక రవంత పైకి కుట్టవలెను. అప్పుడు ఎక్కువైన ఆ గుడ్డ ఎటును పోలేక టై ముడికి ఇరుప్రక్కల వంపు తిరిగి పొంగును. ఆ వంపు ఒకనాడున్నట్లు మఱునాడుండదు, ఎడమదానికి కుడిదానికి పోలికయు కుదురదు. ఇస్త్రీపెట్టెకు లొంగనిది ఏదో అందు మిగిలియే యుండును.

మా దర్జీకి ఈ సంగతి నచ్చచెప్పుటకు నేను పడిన పాట్లు ఇన్నన్ని కావు. ఆక్స్‌ఫర్డు గుడ్డ ఇచ్చి, కాలరులో బక్రము వేయవలదని చెప్పగా, అతడు మెడలోని టేపు తీసి బల్లపై పెట్టి, “బక్రం వెయ్యకపోతే కాలరు నిలబడదండీ. రెండు ఉతుకులకి పీలికలా అయిపోద్ది. కుట్టింది నేనేనని నలుగురికీ తెలిస్తే నా పరువేం కావాలండీ?” అనెను. నిలబడకుండుటయే నాకు కావలెనంటిని. చిట్టచివరకు అదే గుడ్డను పలుచని పొరగా వేసి కుట్టి ఇచ్చెను. రసీదు పుస్తకములో మాత్రము ‘పార్టీ చెప్పిన ప్రకారం’ అని తన జాగ్రత్తకు వ్రాసికొనెను. అతని భయము న్యాయమైనదే. అతడు నేర్చిన విద్యలో పనితనము కంటికి కనబడవలెను; ఈ వేషములో అది దాగవలెను.

ఇట్లు పట్టీపట్టనట్లుండుట పుట్టుకతో, వంశముతో సంక్రమించునని ఆ విద్యాపీఠముల సంపన్నులు లోకమును నమ్మింపజూచిరి. దుస్తుల చరిత్ర వారికి సాక్ష్యము పలుకదు. యేల్ విద్యార్థుల కొఱకు 1902లో న్యూహేవన్‌లో దుకాణము తెఱచిన జాకోబీ ప్రెస్ లాట్వియా నుండి వలసవచ్చిన యూదుడు. 1920 తరువాతి దశకములో, తమ యొద్ద చదువు యూదుల సంఖ్య పెరుగకుండ కట్టడులు చేసికొన్నవి ఆ విద్యాపీఠములే. లోపలివాని భుజమునకు ఎట్టి కోటు శోభించునో వాకిటి వెలుపలివాడు నిర్ణయించుచుండెను! రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1944 నాటి జి.ఐ. బిల్లు పుణ్యమున కళాశాల మెట్లెక్కిన సైనికులు తమ ఖాకీ లాగులతోనే తరగతులలో కూర్చుండిరి. ఖాకీ మరి ఆ వేషమును వీడిపోలేదు. హార్వర్డు నెలకొన్న కేంబ్రిడ్జిలోని ఆండోవర్ షాపులో బట్టలు కుట్టించుకొన్న నల్లజాతి సంగీతవిద్వాంసుడు మైల్స్ డేవిస్, 1958 నాటి ‘మైల్‌స్టోన్స్’ రికార్డు అట్టపై ఆకుపచ్చని చొక్కాతో, ట్రంపెట్టుతో కూర్చుండిన తీరు చూడుడు. ఆ చొక్కాను అంతకన్న సొగసుగా తొడిగిన హార్వర్డు కుమారుడొకడు ఉండెనన్న నేను నమ్మను.

అన్నిటికంటె విచిత్రము జపాను కథ. ‘వాన్’ అను దుస్తుల సంస్థను స్థాపించిన ఇషిజు కెన్సుకే ఈ వేషమును తన దేశపు యువకులకు అలవాటు చేయబూనగా, 1964 సెప్టెంబరులో, ఒలింపిక్సు ముంగిట, టోక్యో నగరపు గింజా వీథిలో ఈ తీరు దుస్తులతో తచ్చాడుచుండిన కుఱ్ఱవాండ్రను పోలీసులు పట్టుకొనిపోయిరి. అమెరికాలో పెద్దమనిషి తరహాకు గుర్తైనది అచట పోకిరితనమునకు గుర్తయ్యెను. మఱుసటి యేట ఇషిజు మనుష్యులు స్వయముగా అమెరికా వెళ్ళి, కళాశాలల వాకిళ్ళలో కెమెరాలతో కాచియుండిరి. మూడు బొత్తాముల కోట్లతో యువకులు బారులు తీరి వత్తురని వారి యూహ. వచ్చినవారిలో పెక్కుమంది కత్తిరించిన లాగులతో, రబ్బరు చెప్పులతో, నిద్ర లేచిన జుట్టుతో వచ్చిరి! అయినను హయాషిదా తెరుయోషి తీసిన ఆ ఫొటోలే ‘టేక్ ఐవీ’ యను పుస్తకమై 1965లో వెలువడినవి. కొలది యేండ్లలో వియత్నాము నిరసనల గాలికి అమెరికా కళాశాలలలో కోటు, టై కొట్టుకొనిపోగా, జపానువారు మాత్రము ఒక్కొక్క కుట్టును లెక్కపెట్టి పదిలపరచిరి. 2010లో ఆ పుస్తకము ఆంగ్లములో వచ్చినప్పుడు, అమెరికనులు తమ తాతల వేషమును జపానువారి ఫొటోలు చూచి నేర్చుకొనవలసి వచ్చెను. జాకోబీ ప్రెస్ తెఱచిన ఆ దుకాణము, జె. ప్రెస్, 1986 నుండి ఒక జపాను సంస్థ చేతిలో నున్నది. బ్రూక్స్ బ్రదర్స్ 2020లో దివాలా దరఖాస్తు పెట్టుకొన్నది.

పుట్టినింట వాడిపోయిన ఈ తీగ ఇన్ని చోట్ల చిగిర్చుటకు హేతువేమి? ఇది ఛందస్సు వంటిదని నాకు తోచును: నియమములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని, పరాయివాడైనను పట్టుదలతో నేర్వదగినవి; నేర్చిన పిదప వానిని ఎచట సడలింపవలెనో తెలియుటయందే కవిత్వ మున్నది. జన్మతో వచ్చినదని తలచువాడు నేర్చుకొనడు, నేర్చుకొననివాడు విసిగిన నాడు విడిచిపెట్టును.

మనకును ఈ వేషముతో కొంత చుట్టరికము కలదు. 1687 నుండి 1692 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోటలో గవర్నరుగిరీ వెలగబెట్టి, సొంత వ్యాపారమున అపారముగా గడించి, ఆరోపణల మీద పదవి పోగొట్టుకొన్న ఎలిహు యేల్, 1718లో కనెక్టికట్‌లోని ఒక బీద కళాశాలకు పుస్తకములను, రాజుగారి చిత్రపటమును, తొమ్మిది బేళ్ళ సరకును పంపెను. ఆ సరకు అమ్మగా సుమారు 560 పౌనులు వచ్చినవి. కళాశాలకు ఆయన పేరు నిలిచినది.

అంతకన్న దగ్గరి బంధువు మద్రాసు గళ్ళ గుడ్డ. కోరమండల తీరపు మగ్గములపై, మన చీరాల ప్రాంతపు మగ్గములతో సహా, నేసిన గళ్ళ రుమాళ్ళు చిరకాలము పశ్చిమాఫ్రికాకు ఓడ లెక్కినవి. ఆ గళ్ళ నేతయే అమెరికాలో వేసవి చొక్కాలై, కోట్లై, తుదకు పొట్టి లాగులై కూర్చున్నది. వీథి అరుగుపై లుంగీగా చూచి చూచి మన కన్ను అలసిన గళ్ళతో అచటి పెద్దలు కోటు కుట్టించుకొని విందులకు పోవుట నాకు ఇప్పటికిని నవ్వు తెప్పించును. 1958లో విలియం జాకబ్‌సన్ అను దిగుమతి వర్తకుడు, తరువాతి కాలమున లీలా హోటళ్ళు నెలకొల్పిన కృష్ణన్ నాయరు వద్ద ఇట్టి గుడ్డ కొని బ్రూక్స్ బ్రదర్స్ వారికి అమ్మెనట; చన్నీట మెల్లగా ఉతుకవలెనన్న హెచ్చరిక దారిలో ఎచ్చటనో జారిపోయినదట. రంగులు ఒకదానిలోనికొకటి దిగి కొన్నవారు లబోదిబోమనగా, ప్రకటనలు వ్రాయువారు తెలివిగా ఆ లోపమునే గుణముగా త్రిప్పి, ఉతికినప్పుడెల్ల రంగు దిగి కొత్త వన్నె తేలునని హామీ ఇచ్చి అమ్మించిరట. మన యూరిలో నైనచో గుడ్డ దుకాణము ముందు తగవు తెల్లవారువరకు సాగియుండును.

ఇప్పుడు మద్రాసు గుడ్డకు చాలవరకు పక్కా రంగులే వేయుచున్నారు. ఎన్ని ఉతుకులకును చెక్కుచెదరని ఆ గళ్ళను చూచి పాత అభిమానులు పెదవి విఱిచి, రంగు దిగు అసలు చొక్కాల కొఱకు పాతబట్టల దుకాణములు గాలించుచు, కొత్తదానికన్న ఎక్కువ వెల పెట్టి మఱీ కొనుచున్నారు.