వచ్చిపోయే కాపరి

మెథడిస్టు పాస్టరుకు సొంత ఊరంటూ ఉండదు. రీజినల్ కాన్ఫరెన్స్ చివర బిషప్ నియామకాల జాబితా చదువుతారు. ఎవరి పేరు ఏ సంఘానికి పడితే వారు అక్కడికి వెళ్లాలి. కోరుకున్న ఊరు రావచ్చు, రాకపోవచ్చు. బాప్టిస్టు సంఘాల్లో అయితే సంఘమే తనకు కావలసిన కాపరిని వెతికి పిలుచుకుంటుంది. మెథడిస్టుల్లో కాపరిని పైనుంచి పంపుతారు, కొన్నేళ్లకు మళ్లీ ఎత్తేస్తారు. పాస్టరు బోధన, పరామర్శ, లెక్కలు, ఇంటి బతుకు అన్నిటి మీదా ఈ బదిలీ నీడ ఉంటుంది.

ఈ ఆనవాయితీ ఇంగ్లండులో గుర్రం మీద మొదలైంది. జాన్ వెస్లీ (1703–1791) ఆంగ్లికన్ గురువు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చుట్టూ చేరిన కొందరు విద్యార్థులు ప్రార్థనకూ, చదువుకూ, ఖైదీల పరామర్శకూ వేళలు పెట్టుకుని నడిచేవారు. ఆ పద్ధతిని చూసి తోటివారు వేళాకోళంగా అన్న మాటే ‘మెథడిస్టు’. 1739లో బ్రిస్టల్ పరిసరాల బొగ్గుగని కూలీలకు ఆరుబయట బోధించడం మొదలుపెట్టాక వెస్లీ ఒక చోట నిలిచింది లేదు. ఒక ప్రాంతంలోని చిన్నచిన్న సంఘాలను కలిపి సర్క్యూట్ అన్నారు. బోధకుడు వాటిని వరుసగా చుట్టి రావాలి, కొంతకాలానికి సర్క్యూటే మారాలి. ఏడాది పొడవునా ఒకే చోట బోధిస్తే తనకూ వినేవాళ్లకూ నిద్ర ముంచుకొస్తుందని వెస్లీ 1756లో ఒక లేఖలో ఒప్పుకున్నారు. అమెరికన్ మెథడిస్టులు 1804లో దీనికి గడువు పెట్టారు: ఒక చోట రెండేళ్లకు మించి ఉండకూడదు. ఆ గడువు 1864లో మూడేళ్లకు, 1888లో అయిదేళ్లకు పెరిగి 1900లో రద్దయింది. గడువు పోయింది గాని, పంపే అధికారం బిషప్ చేతిలోనే మిగిలింది.

తెలుగు నేలకు మెథడిస్టు సంఘం రెండు పాయలుగా వచ్చింది. బ్రిటిష్ వెస్లియన్ మిషన్ మెదక్ వైపు పనిచేసింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో లేచిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ పాయ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిసింది. అందుకే మెదక్ గుడి మీద ఇప్పుడు సి.ఎస్.ఐ. పేరు కనిపిస్తుంది. రెండోది అమెరికన్ పాయ. 1856లో విలియం బట్లర్ రాకతో ఉత్తరాదిన మొదలై, తరువాత హైదరాబాదు, వికారాబాదు, జహీరాబాదు, బీదర్ ప్రాంతాలకు పాకింది. 1981లో అది మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా పేరుతో స్వతంత్ర సంఘమైంది. తెలంగాణలో నేడు మెథడిస్టు పాస్టరు అంటే ఎక్కువగా ఈ రెండో పాయ మనిషే.

ఈ పనికి దారి చదువుతో మొదలవుతుంది. సెరంపూర్ విశ్వవిద్యాలయం పరిధిలోని బి.డి. (దైవశాస్త్ర డిగ్రీ) చదువు కోసం కొందరు హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీకి, కొందరు జబల్‌పూర్‌లోని లియొనార్డ్ కాలేజీకి వెళతారు. అభిషేకం రెండంచెలు: ముందు డీకను, తరువాత ఎల్డరు. కాన్ఫరెన్సులోకి తీసుకునే ముందు అభ్యర్థిని నిలబెట్టి ప్రశ్నలు అడగడం వెస్లీ నాటి ఆచారం. వాటిలో విశ్వాసం గురించినవే కాకుండా, పనికి అడ్డుపడేంత అప్పు ఉందా, ఇంటింటికీ తిరుగుతావా, పిల్లలకు నేర్పుతావా, వేళకు వస్తావా అనే అర్థం వచ్చేవి కూడా ఉంటాయి. అప్పు ప్రశ్న విని కొత్తవాళ్లు నవ్వుకుంటారు. ఊళ్లో బాకీ ఉన్న మనిషి ఆ ఊరి షావుకారు ముందు న్యాయం మాట్లాడలేడని నాలుగేళ్ల అనుభవం నేర్పుతుంది.

పాస్టరు పని అందరికీ కనబడేది ఆదివారం. తెలుగు బైబిలు భాష గ్రాంథికం. వినేవాళ్ల భాష తాండూరు కంది చేలల్లో పెరిగినది, జహీరాబాదు వైపు కన్నడమూ ఉర్దూ కలిసినది. గోధుమల్లో గురుగులు మొలిచిన ఉపమానం చదివితే ఊళ్లో ముసలమ్మకు గురుగులంటే ఏమిటో తెలియకపోవచ్చు. చేనులో కలుపు అనగానే ఆమె పాస్టరు కంటే రెండు మాటలు ఎక్కువే చెబుతుంది. ఆ ఊరి పంటలు, వానలు, పనుల రేట్లు తెలియకుండా చేసిన ప్రసంగం అచ్చుతప్పు లేకపోయినా తలకెక్కదు. పాట సంగతీ అంతే. పురుషోత్తమ చౌధరి (1803–1890) లాంటివారు రాసిన కీర్తనలకు పుస్తకంలో రాగతాళాలు అచ్చువేసి ఉంటాయి. ఊరు మాత్రం తన వరసలోనే పాడుకుంటుంది. కొత్తగా వచ్చిన పాస్టరు మొదటి నెల ఆ వరస దిద్దబోకుండా నేర్చుకుంటే మంచిది.

ఆదివారం కన్నా ఎక్కువ వేళ తినేది పరామర్శ. పల్లెలో దీనికి సమయం రాత్రి ఏడు దాటాకే, పొలం నుంచి వచ్చి స్నానాలయ్యాక. ‘అయ్యగారొచ్చిండ్రు’ అని నులకమంచం వాలుస్తారు, ముందు చాయ్ వస్తుంది. అసలు విషయం చాయ్ గ్లాసు ఖాళీ అయ్యాకే బయటికి వస్తుంది: కొడుకు తాగుడు, కోడలి పుట్టింటి అలక, గట్టు తగాదా, ఆసుపత్రి బిల్లు. ఇక్కడ నియమాలు కొన్నే. ఒక ఇంటి మాట మరో ఇంటికి మోయకూడదు. ఆసుపత్రి మంచం దగ్గర ప్రార్థన చిన్నదిగా ఉండాలి. కలిగినవారి ఇంటికి వెళ్లిన వారమే లేనివారి ఇంటికీ వెళ్లాలి, ఎందుకంటే ఊరంతా లెక్కపెడుతుంది. పాస్టరు భార్యను సంఘం అమ్మగారు అంటుంది. ఆడవాళ్లు పాస్టరుకు చెప్పుకోలేనివి ఆమెకు చెప్పుకుంటారు. జీతం లేని ఈ సగం పనికి ఏ నివేదికలోనూ చోటుండదు.

పరామర్శకు మెథడిస్టుల్లో ఒక చిత్రమైన పుట్టుక ఉంది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం కట్టిన అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మంది గుంపులుగా చేసి, మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేయమని ఒక్కో గుంపుకు ఒక నాయకుణ్ని పెట్టారు. డబ్బుకు గడప ఎక్కిన నాయకులకు లోపలి జగడాలు, తాగుళ్లు, జబ్బులు కనబడ్డాయి. ఆ సంగతి వెస్లీ చెవిన పడింది. వసూలు గుంపే ఒకరి మంచిచెడ్డలు ఒకరు కనుక్కునే ‘క్లాసు’ అయింది. బోధకుడు సర్క్యూటు చుట్టి వచ్చేదాకా సంఘాన్ని నిలబెట్టింది ఈ క్లాసు నాయకులే, అంటే చెప్పులు కుట్టేవాళ్లు, నేతగాళ్లు, బడిపంతుళ్లు. తెలంగాణ పల్లెల్లో ఉపదేశి, బైబిలు స్త్రీ, సండే స్కూలు టీచరు చేసినదీ అదే పని. ఒక్కో పాస్టరు కింద అనేక ఊళ్లు ఉన్నచోట నేటికీ వీళ్లు లేకపోతే గుడి తలుపు తెరుచుకోదు.

సంస్కారాల దగ్గర పాస్టరు చట్టానికీ, ఆచారానికీ, సందేహాలకూ జవాబుదారు. మెథడిస్టులు పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు, నీళ్లు చిలకరించినా చాలునంటారు. బాప్టిస్టు చుట్టాలున్న ఇంట్లో ‘ముంచకుండా ఇస్తే చెల్లుతుందా’ అన్న ప్రశ్న రాకుండా ఉండదు. చిలకరించినా, పోసినా, ముంచినా చెల్లుతుందనేది మెథడిస్టు జవాబు. ప్రభు సంస్కారానికి పులియని ద్రాక్షరసం వాడుక కూడా ఒక మెథడిస్టు చలవే: 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలవచేశారు. పెళ్లి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కిందికి వస్తుంది. మామూలుగా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపు జరగాలి, రిజిస్టరులో వధూవరులతో పాటు సాక్షులు సంతకం పెట్టాలి. ఊరేగింపు ఆలస్యమైతే గడియారం చూసి కంగారు పడేది పాస్టరే. చావు మాత్రం వేళ చెప్పి రాదు. కబురు రాగానే వెళ్లడం, సమాధుల తోటలో గొయ్యి సంగతి చూడటం, మట్టి వేశాక ఆ ఇంట్లో కాసేపు ఊరికే కూర్చోవడం, ఇవన్నీ ఆ రోజు పనే. ప్రసంగం మరిచిన సంఘం ఆ కూర్చోవడాన్ని మరవదు.

డబ్బు దగ్గర పద్ధతే రక్ష. ఆరాధన అయ్యాక కానుక సంచిని పాస్టరు ఒక్కరే విప్పకూడదు. ఇద్దరు సంఘస్థులు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకం చేయాలి. కొన్ని పల్లె సంఘాల్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పక్కన తీసిపెట్టే గుప్పెడు బియ్యం కూడా కానుకే. ఆ గుప్పెట వెనక ఎంత కడుపు కట్టుకోవడం ఉందో తెలిసిన పాస్టరు లెక్క తప్పడు.

ఏడాదికీ తనదైన నడక ఉంది. కొత్త సంవత్సరం తొలి రోజుల్లో నిబంధన ఆరాధన జరుపుతారు, దీన్ని వెస్లీ 1755లో లండనులో మొదలుపెట్టారు. ఆపైన శ్రమల దినాలు, ఈస్టరు, పంట ఇంటికొచ్చాక కోత పండుగ, డిసెంబరు అంతా క్రిస్మస్. వికారాబాదు జిల్లా ధారూరులో నవంబరులో జరిగే క్రైస్తవ జాతరకు కుటుంబాలు గుడారాలు వేసుకుని దిగుతాయి. బదిలీ అయిన పాస్టరుకు పాత ఊరి మనుషులు ఎదురుపడేది అక్కడ. ఒకప్పుడు తాను బాప్తిస్మమిచ్చిన పిల్ల చంకలో బిడ్డతో వచ్చి పలకరిస్తుంది.

బదిలీకి నష్టాలు లేకపోలేదు. పిల్లల చదువు తెగుతుంది, భార్య ఉద్యోగం ఒక ఊళ్లో, పార్సనేజి (పాస్టరు ఉండే ఇల్లు) ఇంకో ఊళ్లో పడుతుంది. నమ్మకం కుదిరే వేళకు ఊరు మారుతుంది. లాభం కూడా ఒకటుంది: గుడి పాస్టరు సొంత ఆస్తి కాకుండా ఉంటుంది. వ్యక్తుల పేర్ల మీద ప్రార్థనా మందిరాలు పెరిగిపోతున్న కాలంలో ఇది చిన్న లాభమేమీ కాదు.

వెళ్లే రోజున పాస్టరు వచ్చే పాస్టరుకు బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు, నగదు పుస్తకం, తాళాలు అప్పగిస్తారు. ఆ మరుసటి ఆదివారం కొత్తవారు ఇంకా దిగకపోయినా గంట కొట్టేందుకు ఒకరు, కీర్తన ఎత్తుకునేందుకు ఒకరు, వాక్యం చదివేందుకు ఒకరు సంఘంలోనే ఉంటే, వెళ్లిన పాస్టరు పని తెలిసిన మనిషి.