ఆపే తేదీ ఏదీ?

ఈ వారం కోయిలకుంట్లలో మందుల షాపు దగ్గర ఒక పెద్దాయన షాపు పిల్లోడి మీద గొంతు చించుకుంటున్నాడు. ఆయనకు గుండె దడ జబ్బుకు తోడు ఈమధ్యే స్టెంట్ కూడా పడింది. "మొదట మూడు రకాలిచ్చినారు. ఇప్పుడు ఆస్ప్రిన్ యాల తీసేసినారప్పా? ఆరోగ్యశ్రీ వాళ్లమనేనా?"

ఆయన కోపం నాకు నచ్చింది. ఇచ్చిన మాత్ర సొంతంగా మానొద్దని ఈ కాలమ్‌లో నేను పెట్టిన పోరు మీరెరిగిందే. పైగా ఆ మూడూ తలా ఒక పని చేసేవే. స్టెంట్ లోహం మీద ప్లేట్‌లెట్లు పేరుకోకుండా ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ కాపాడతాయి. లయ తప్పిన గుండెలో, ఎడమ పైగదిలో రక్తం మందగించి గడ్డకడితే, అది మెదడుకెక్కి పక్షవాతం తెస్తుంది. దానికి ఎసిట్రోమో వార్ఫరినో, కొత్తవాటిలో అపిక్సబానో కావాలి.

వార్ఫరిన్ అంటే నాకు పశువులు గుర్తొస్తాయి. లేత జొన్న పిలకలు మేసి ఎద్దు పడిపోవడం మన రేగడి రైతులకు తెలిసిన గండమే. అమెరికాలో విస్కాన్సిన్ రైతులకు బూజుపట్టిన స్వీట్ క్లోవర్ మేత అలాంటి గండమైంది. మేసిన పశువుకు చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. 1933 చలికాలంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు చచ్చిన పెయ్యనూ, పాల క్యానులో గడ్డకట్టని రక్తాన్నీ వేసుకొని, మంచుతుఫానులో మాడిసన్‌లోని కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు చేరాడు. అక్కడ మొదలైన వెతుకులాటలో పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలకల మందుగా అంగళ్లకొచ్చింది. 1954లో మనుషులకు మందైంది. మరుసటేడు గుండెపోటొచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ అదే ఇచ్చారు. ఎసిట్రోమ్ దీని తమ్ముడే. ఇవి వాడేవాళ్లు గోంగూర, తోటకూర మానక్కర్లేదు. ఒకరోజు గంపెడు, ఇంకోరోజు సున్నా కాకుండా ఒకే తీరుగా తింటూ, రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటే చాలు.

అంత పదునున్న మందుకు మరో రెండు తోడైతే? నెదర్లాండ్స్, బెల్జియంలలో 573 మందిపై జరిపిన వోయెస్ట్ పరిశోధన 2013లో తేల్చింది: ఏడాదిలో మూడూ మింగినవాళ్లలో నూటికి 44 మందికి రక్తస్రావమైంది, ఆస్ప్రిన్ తీసేసినవాళ్లలో 19 మందికే. గుండెపోట్లు, పక్షవాతాలు పెరగనూ లేదు. 2019లో జపాన్ వాళ్ల అఫైర్ పరిశోధన ఇంకో అడుగు వేసింది. స్టెంట్ పడి ఏడాది దాటినవాళ్లకు రివరాక్సబాన్ ఒక్కటే ఇచ్చి చూశారు. రెండు మందులు కలిపి వాడినవాళ్లలో మరణాలు ఎక్కువ కావడంతో పరిశోధనను మధ్యలోనే ఆపేశారు.

అంటే ఆస్ప్రిన్ తీసేయడం పిసినారితనం కాదు, వైద్యమే. సాధారణంగా ఆస్ప్రిన్ వాడాల్సింది వారం నుంచి నెల. క్లోపిడోగ్రెల్ ఆరు నెలల నుంచి ఏడాది. ఆ తర్వాత వార్ఫరిన్ లాంటి, రక్తం పలచబరిచే మందు ఒక్కటే. దాన్ని మాత్రం ఎవరూ సొంతంగా వదలకూడదు. స్టెంట్ ఏ పరిస్థితిలో వేశారు, మనిషికి రక్తం పోయే గుణం ఎంత అన్నది చూసి గడువు చెప్పాల్సింది డాక్టరే. చెప్పి ఊరుకోకుండా ప్రతి మందు పేరు పక్కనా ఆపే తేదీ తెలుగులో రాయాలి. లేకుంటే పాత చీటీ చూపిస్తే షాపులో ఇస్తూనే ఉంటారు, మనవాళ్లు కడుపులో రక్తం పోయి మలం నల్లబడేదాకా మింగుతూనే ఉంటారు.