180 రాని త్రిభుజం

ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెర మీద లెక్కల పాఠం రెండు రకాలుగా చెప్పొచ్చు. వీడియో పెట్టి పక్కన కూర్చోవడం ఒకటి. స్టైలస్ మనం పట్టుకుని, కాసేపయ్యాక పిల్లల చేతికివ్వడం రెండోది. మొదటిదాన్ని నేను తప్పుపట్టను. వరస పీరియడ్లతో గొంతు పోయిన రోజు ఎవరైనా చేసేది అదే. అయితే ఆ తెర అసలు విలువ రెండోదాంట్లో ఉంది.

తొమ్మిదో తరగతిలో త్రిభుజ కోణాల మొత్తం 180 డిగ్రీలనే సిద్ధాంతం వస్తుంది. పై శీర్షం గుండా ఆధారానికి సమాంతరంగా గీత గీయడం, ఏకాంతర కోణాలు సమానమనడం, రుజువైంది అనడం. పిల్లలు దీన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేస్తారు. ఒక ఏడాది రుజువు తర్వాత చూద్దాంలే అని జియోజెబ్రా తెరిచాను. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన చదువుకునే రోజుల్లో, 2001లో, మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. బడికి ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది. త్రిభుజం గీసి, మూడు కోణాలూ కనపడేలా పెట్టి, ఒక మూల పట్టుకుని లాగమన్నాను. అంకెలు గిరగిరా మారుతున్నాయి. మొదటి బెంచీ పిల్ల నోటుబుక్కులో కూడుతూ కూర్చుంది.

"సార్, 180 రాలేదు. 180.01 వచ్చింది."

క్లాసంతా గోల. కంప్యూటర్ తప్పు చెప్తుందా, పుస్తకం తప్పు చెప్తుందా? తెర రెండు దశాంశ స్థానాల వరకే చూపిస్తుందనీ, మిగతాది సవరిస్తుందనీ వాళ్లంతట వాళ్లు పట్టుకోవడానికి పీరియడ్ మొత్తం పట్టింది. ఇంతలో వెనక బెంచీవాడు శీర్షాన్ని కిందికి లాగి ఆధారం మీదే కూర్చోబెట్టాడు. సున్నా, సున్నా, 180. "ఇది త్రిభుజమేనా సార్?" అన్నాడు. వీడియోలో ఇలాంటి ప్రశ్న పుట్టదు. అక్కడ మూలని లాగడానికి చెయ్యి పెట్టే చోటే లేదు.

తెరలు మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, నాసా వాళ్ల ఉపగ్రహం వాడుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. 'సైట్' అనే ఆ ప్రయోగంలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున కార్యక్రమాలు బడిపిల్లలకే. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం గడువు తీరింది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు ఇచ్చారు. యాభై ఏళ్లలో తెర చిన్నదై చేతిలోకి వచ్చింది గానీ, దానితో పిల్లలు చేసే పని చూడటం దగ్గరే ఆగింది.

టీచర్ల ఫోన్ల సంగతి వేరే కథ. ముఖం చూపించి హాజరు వేయడం, మధ్యాహ్న భోజనం లెక్కలు, కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా. బడిలో టెక్నాలజీ నిజంగా క్షణం తీరిక లేకుండా పనిచేసేది ఇక్కడే. సర్వర్ డౌన్ అయితే ఆ రోజు మొదటి పీరియడ్ దానికే ధారపోయాలి.

మళ్లీ త్రిభుజానికొస్తే, ఆ పీరియడ్ నాకు సిలబస్‌లో ఒక రోజు వెనకబాటు. పరీక్షలో వచ్చింది మామూలు ప్రశ్నే: రుజువు చేయుము. 180.01 పట్టుకున్న పిల్లకీ, గైడు బట్టీ కొట్టినవాడికీ అవే మార్కులు. అందుకే తెర మీద ఎంత ఖర్చు పెట్టినా పాఠం మారదంటాను. పాఠాన్ని నడిపేది పరీక్ష పేపరు. రాష్ట్రం విడిపోయిన తరవాతి ఏళ్లలో పదో తరగతి పరీక్షలకు సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతి తెచ్చినప్పుడు సొంత మాటల్లో రాయించే ప్రశ్నలు వచ్చాయి. మంచి ఆలోచనే. తరవాత బజారులోకి సీసీఈ గైడ్లూ వచ్చాయి, సొంత మాటలతో సహా.

నన్నడిగితే పేపర్లో ఇలాంటిది ఇస్తాను: ట్యాబులో ఒక త్రిభుజం కోణాలు 61.34, 58.27, 60.40 అని చూపిస్తోంది. మొత్తం 180.01. తప్పు ఎక్కడుంది, రాయండి. మరుసటేడాదికి ఇదీ గైడులోకి ఎక్కుతుంది, నాకు తెలుసు. కనీసం తొమ్మిదో తరగతి దాకానైనా ఏ బడి పేపరు ఆ బడి వాళ్లే తయారు చేసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ట్యాబులకు పెట్టిన డబ్బులో పైసా వంతు కూడా దీనికి అక్కర్లేదు. టీచర్ని నమ్మాలి, అంతే. మన విద్యాశాఖలో కొనడానికి దొరకని వస్తువు అదొక్కటే మరి.