పైమూత రంగు

వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో ఇంజను పడవలు వేటకు వెళ్లవు. వలలు బాగుచేసుకున్నా, పడవలకు రంగులు వేసుకున్నా ఈ రోజుల్లోనే. ఈ వారం భీమిలి ఒడ్డున ఒక ఔట్‌బోర్డు ఇంజను చూసి ఒళ్లు మండింది. ఎక్కడో షెడ్డులో ఇచ్చి దాని కాలికి, అంటే నీళ్లలో మునిగే భాగానికి, కొత్తగా రంగు కొట్టించారు. నల్లగా నిగనిగలాడుతోంది. వంగి చూస్తే ఫ్యాను పక్కనుండే జింకు ముక్క మీద కూడా అదే నలుపు. ఇంజను చల్లబడడానికి నీళ్లు పీల్చుకునే జాలీ సందులు సగం పూడుకుపోయాయి. నంబరు పలక చదవడానికి లేదు.

రంగు మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. తుప్పు గీకకుండా గేటుకు సిల్వర్ పెయింటు పూసేవాళ్ల గురించి, పాత గుళ్ల రాతి స్తంభాలకు ఎనామిల్ కొట్టేవాళ్ల గురించి ఇక్కడే చాలాసార్లు రాశాను. కింద ఏం జరుగుతోందో కనిపించకుండా చేసే పూత ఎక్కడున్నా నాకు గిట్టదు. ఇంజను విషయంలో అది ఖరీదైన నష్టం కూడా.

ఔట్‌బోర్డు కాలు అల్యూమినియం మిశ్రమలోహంతో పోతపోసింది. దానికి స్టీలు బోల్టులు, స్టీలు ఇరుసు ఉంటాయి. రెండు వేరు వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీటిలో మునిగితే వాటి మధ్య సన్నని కరెంటు పుడుతుంది. బలహీనమైనది కరుగుతుంది. ఇక్కడ ఆ బలహీనమైనది అల్యూమినియమే. అందుకని కంపెనీవాళ్లు దానికంటే తేలిగ్గా కరిగే జింకు ముక్కనొకదాన్ని బిగిస్తారు. ముందు అది అరిగిపోతుంది, కాలు మిగులుతుంది. అరిగినకొద్దీ మార్చుకోవాలి. దాని మీద రంగు పడిందా, నీళ్లు తగలవు, అది అరగదు. ఆ అరుగుదలంతా కాలి మీదికి వస్తుంది. అదీ కాలు మొత్తం మీద సమానంగా కాదు. ఇసుకలో ఈడ్చినప్పుడు రంగు లేచిపోయిన గీతలున్నాయే, ఆ కాస్త చోట లోతుగా తినేస్తుంది.

ఇవన్నీ లేని కాలం నాకు తెలుసు. మా చిన్నతనంలో ఇదే ఒడ్డున తెప్పలుండేవి. తేలికపాటి దుంగలు నాలుగైదు పక్కపక్కన పేర్చి తాడుతో కట్టేవారు. మేకు లేదు, బోల్టు లేదు, రంగు లేదు. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసుకలో ఆరబెట్టేవారు. నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కుతుంది, మర్నాడు అల దాటడం కష్టమవుతుంది. మధ్యాహ్నం పూట ఒడ్డంతా బూడిదరంగు దుంగలే. ఏ దుంగ ఎవరిదో మాకు తెలిసేది కాదు గాని, తెల్లవారుజామున చీకట్లో ఎవరి దుంగలు వాళ్లు తడిమి పట్టుకుని కట్టుకునేవారు. ఒక్కొక్క దుంగకు ఒక్కొక్క వంపు. కట్టేటప్పుడు తాడు ఎంత బిగించాలో, ఎంత వదలాలో పెద్దవాళ్లు నోటితో చెప్పేవారు కాదు. పిల్లవాడి చేతిలోంచి తాడు తీసుకుని కట్టి, మళ్లీ విప్పి ఇచ్చేవారు. పక్కనే కుట్టునావలు. పలకల అంచులకు రంధ్రాలు చేసి కొబ్బరి తాడుతో కుట్టినవి. అల విసురుకు పలకలు కొంచెం కదిలేవి తప్ప విరిగేవి కావు. వాటిలోనూ మేకు ఉండేది కాదు. ఉప్పునీటిలో ఇనుము నిలవదని ఆ కుట్టు పెట్టినవాళ్లకు తెలుసు.

తరవాత మాను దొరకడం తగ్గింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం అనే మత్స్యకార పథకం ఒడ్డుకు లాగగలిగే పడవల మీద పనిచేసింది. 2004 డిసెంబరు సునామీ తరవాత సాయంగా వచ్చిన ఫైబర్ పడవలతో తెప్పలు మరీ పలచబడ్డాయి. ఇంజను వచ్చింది. దాంతోపాటే లోహం, లోహంతోపాటే రంగు.

కనుక అల్యూమినియానికి రంగు తప్పదు. కాకపోతే గీసుకుపోయినచోట మాత్రమే వెయ్యండి. ముందు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు కింద ఉండిపోతే పైన ఎంత మంచి రంగైనా బొబ్బలెక్కుతుంది. థిన్నరుతో జిడ్డు తీసి, బొబ్బను గట్టి అంచు తగిలేదాకా గీకి, 180 నంబరు సాండ్‌పేపరు, ఆపైన 320. తెల్లటి పొడి పూర్తిగా పోవాలి. రుద్దిన పూటే అల్యూమినియానికి పట్టే ఎపాక్సీ ప్రైమరు పడాలి. ఇంట్లో మిగిలిన రెడ్ ఆక్సైడు ఇనుముకు పనికొస్తుంది, దీనికి కాదు. నాచు పట్టకుండా వేసే రాగి కలిసిన రంగు మరీ ప్రమాదం, రాగి అల్యూమినియాన్ని ఇంకా తొందరగా తినేస్తుంది. పొద్దున మంచు ఆరాక, సముద్రపు గాలి లేవకముందే పని ముగించాలి. ఆ గాలిలోనూ ఉప్పే.

ఇదంతా ఆ ఇంజను యజమానికి చెప్పాను. పాతికేళ్లుంటాయేమో. ఒక్క మాట ఎదురు చెప్పకుండా కత్తి తెచ్చి జింకు ముక్క మీద రంగు గీకడం మొదలుపెట్టాడు. పక్కన, ఇసుకలో సంచి మీద, ఇంజను పైమూత ఉంది. దాన్నీ రుద్ది పెట్టుకున్నాడు. ఆ మూత లోహం కాదు, ఫైబరో ప్లాస్టికో. దాన్ని ఉప్పు తినదు. ఎండకు వెలిసిందంతే. దానికి రంగు దేనికని అడిగాను.

“పడవకి ఏ రంగెయ్యాలో ఆల్లే సెప్తారు బాబాయ్. నంబరూ ఆల్లదే. ఈ మూతొక్కటే నాది” అన్నాడు.

2008లో ముంబయి దాడులు జరిగాక తీరభద్రత పేరుతో ఏ రాష్ట్రం పడవకు ఏ రంగో నిర్ణయించే పద్ధతి వచ్చింది. సముద్రం మీద ఎవరు ఎవరో దూరం నుంచి తెలియాలి కదా, దాన్ని తప్పు పట్టను. కానీ దుంగ వంపును బట్టి తన తెప్పను పోల్చుకున్న మనుషుల మనవడికి ఇప్పుడు అచ్చులో తీసిన పడవే దొరుకుతుంది. పక్కవాడిదీ అదే అచ్చు, అదే రంగు. అతనికి మిగిలింది ఆ మూరెడు మూత. రక్షణ కోసం వేసే రంగునే ఇన్నాళ్లూ సమర్థిస్తూ వచ్చాను. ఈ రంగుకు ఆ అవసరం లేదు, అయినా ఇది వెయ్యాలి. కాలికి వేసినంత జాగ్రత్తగా వెయ్యాలి.

ఏ రంగు బాగుంటుందని అడిగాడు. నారింజ అన్నాను, నీళ్ల మీద దూరానికి కనిపిస్తుందని. కాదు, ఆకుపచ్చ వేస్తానన్నాడు. సరే, ఆకుపచ్చే వెయ్యి, ముందు ప్లాస్టిక్కుకు పట్టే ప్రైమరు కొట్టు అని చెప్పి, అది దొరికే దుకాణం గుర్తులు చెప్పాను.